అరకులో కాఫీ కథ విందామా!

అరకు వెళ్లినవాళ్లలో చాలామంది గిరిజన మ్యూజియం చూసి బండెక్కేస్తారు. కాస్త ఆగండి, ఆ దగ్గర్లోనే కాఫీ మ్యూజియం ఉంది! ఎర్రటి పండ్లు తిని ఇథియోపియాలో మేకలు గంతులేశాయనే పాత కథతో మొదలుపెట్టి, కాఫీ ప్రయాణాన్ని అక్కడ బొమ్మలతో, చిత్రాలతో చెబుతారు. ఓ కప్పు వేడి కాఫీ తాగి, చాక్లెట్ పూత పూసిన కాఫీ గింజలూ కొనుక్కోవచ్చు.

ఇప్పుడు 'అరకు' అన్న మూడక్షరాలే ఓ బ్రాండు. 2017లో ఆ పేరుతో పారిస్‌లో దుకాణం వెలిసింది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అందమైన ప్యాకెట్ చూసి మురిసిపోతాం సరే, దాని వెనకున్న చేతులో? సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య పండిన పండ్లనే ఏరి ఒక్కొక్కటిగా కోసేది గిరిజన కుటుంబాలే. పచ్చికాయ కలిస్తే రుచి పోతుంది మరి!

అందుకే మ్యూజియంతో సరిపెట్టకండి, తోటల్లోకీ వెళ్లండి. నవంబరు నుంచి జనవరి దాకా కోతల కాలం. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు.