ముల్లు ఎక్కడ పైకెక్కుతోంది?

వేసవి వచ్చిందంటే విజయవాడ ఆటోనగర్ షెడ్లలో ఎక్కువగా వినిపించే మాట ఒకటే... ‘బండి వేడెక్కిపోతోందయ్యా!’ ఓ రిటైర్డ్ లెక్కల మేష్టారూ అదే మాటతో వచ్చారు. ఆయనది పాత మారుతి 800. అప్పటికే రెండు షెడ్లు తిరిగారు. ఒకచోట రేడియేటర్ మార్చారు. ఇంకోచోట థర్మోస్టాట్ వాల్వు పీకి అవతల పారేశారు. డబ్బు వదిలింది కానీ వేడి వదల్లేదు. మర్నాడేమో కూతుర్నీ, నెలల పసివాణ్నీ గుంటూరులో దింపి రావాలి.

మూడో మెకానిక్ వెంటనే బానెట్ ఎత్తలేదు. ‘ఎక్కడ వేడెక్కుతోంది మేష్టారూ? ట్రాఫిక్‌లోనా, హైవే మీదా?’ అనడిగాడు.

అంతకుముందు ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. బందరు రోడ్డులో సిగ్నళ్ల దగ్గర ఆగితే ముల్లు పైకి పోతోంది. హైవే ఎక్కితే దిగిపోతోంది.

సగం రోగం అక్కడే దొరికింది. బండి పరుగెడుతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. అదే హైవే మీద వేడెక్కితే కథ వేరు... రేడియేటర్ పూడుకుపోవడమో, వాల్వు తెరుచుకోకపోవడమో, వాటర్ పంపు అరగడమో అయ్యుంటుంది. ఎక్కడా కారకుండానే నీళ్లు తగ్గుతూ, సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తుంటే మాత్రం హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. అది పెద్ద ఖర్చు.

ఇంజిన్ ఆన్ చేసి ఉంచారు. ముల్లు పైకెక్కినా ఫ్యాన్ కదల్లేదు. స్విచ్ దగ్గరి రెండు వైర్లూ ఊడదీసి తీగముక్కతో కలిపాడు. ఫ్యాన్ గిర్రున తిరిగింది! మోటారు బాగానే ఉంది. వేడిని పసిగట్టాల్సిన చిన్న స్విచ్చే పోయింది.

ఈలోగా నీళ్లు చూద్దామని మేష్టారు రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోయారు. మెకానిక్ ఆ చెయ్యి పట్టుకుని ఆపేశాడు. తన ముంజేతి మీద మచ్చ చూపించాడు. మూత బిగించి ఉన్నంతసేపూ లోపల ఒత్తిడి ఉంటుంది. అందుకే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీశారో, ఆవిరితో కలిసి ముఖానికి ఎగజిమ్ముతాయి. దారిలో ముల్లు ఎర్రగీత చేరితే బండి పక్కకు తీసి, ఇంజిన్ కట్టేసి కనీసం అరగంట ఆగాలి. పూర్తిగా చల్లారాకే మూత తియ్యాలి. చాలామంది తొందరపడి కాలే ఇంజిన్‌లో చన్నీళ్లు పోసేస్తారు. హెడ్ పగిలేది అలాంటప్పుడే.

స్విచ్ మార్చడానికి ఎంతోసేపు పట్టలేదు. వాల్వు దగ్గరే పేచీ. ‘అది లేకపోతేనే చల్లగా ఉంటుందన్నారే?’ అన్నారు మేష్టారు. షెడ్లలో ఇదో పాత నమ్మకం. ఇంజిన్ చల్లగా ఉండకూడదు, సుమారు 90 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. వాల్వు లేకపోతే చలికాలం పొద్దున్నే వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. పెట్రోలూ ఎక్కువే తాగుతుంది.

బోరునీళ్లు పారబోసి, కూలెంట్‌లో సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి పోశాడు. కొత్త వాల్వు తెప్పించి బిగించాకే తాళం చేతికిచ్చాడు.