ఖిబ్లా వైపు సాగే కాలువ గట్టు

ఫ్రాన్సు దక్షిణ ప్రాంతంలోని తులూజ్ నగరంలో రైలు దిగి స్టేషను బయటకు వచ్చిన వారికి మొదట కనిపించేది ఒక కాలువ. విమానాల తయారీకి పేరుపడిన ఆ నగరంలో మా పెద్దబ్బాయి ఏడేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు. గత సెప్టెంబరులో నెల రోజుల సెలవు తీసుకుని మేము అక్కడికి వెళ్ళాము. ఊరు చూడటానికి కాదు. అబ్బాయినీ, కోడలినీ స్వదేశానికి తిరిగి రమ్మని అడగటానికి. ఫోనులో అడిగినప్పుడల్లా మాట దాటవేస్తున్నాడు. ఎదురుగా కూర్చుని అడుగుదామని బయలుదేరాము. వారం గడిచినా ఇంట్లో ఆ ప్రస్తావన తెచ్చే వీలు చిక్కలేదు. ఒక రాత్రి ఇషా నమాజ్ తరువాత అబ్బాయే, “అబ్బా, మూడు రోజులు కాలువ వెంట సైకిళ్ళ మీద నార్బోన్ దాకా పోదామా?” అన్నాడు.

మాకు యాభై నాలుగేళ్ళు. చదువు ముగించుకుని వచ్చిన కొత్తలో తెనాలి చుట్టుపక్కల గ్రామాలలో ఉదయపు మక్తబ్‌లకు కాలువ గట్ల మీద సైకిలు తొక్కుకుంటూ తిరిగినవారమే. కానీ అది పాతికేళ్ళ కిందటి మాట. పైగా అక్కడి సైకిళ్ళు వేరు. మట్టిదారులకూ, కంకర బాటలకూ అనువుగా తయారైన వాటిని గ్రావెల్ సైకిళ్ళు అంటున్నారు. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల వలె క్రిందికి వంగి ఉంటుంది. టైర్లు పందెపు సైకిళ్ళ కంటే వెడల్పు. వాటిలో గాలి కొంచెం తక్కువగా ఉంచితే రాళ్ళ మీద అదురు తగ్గి పట్టు దొరుకుతుందట. ఆ వంపు మాకు వద్దని, నిటారుగా కూర్చుని తొక్కే సైకిలు ఒకటి అద్దెకు తీసుకున్నాము. పైజమా అంచులు గొలుసులో పడకుండా రెండు రబ్బరు పట్టీలు కోడలు వెతికి ఇచ్చింది. రొట్టెలు, ఉడికించిన గుడ్లు, ఖర్జూరాలు, ఒక జానమాజ్ సంచిలో సర్దుకున్నాము.

ఆ కాలువ పేరు కెనాల్ దు మిడి. తులూజ్ నుండి మధ్యధరా సముద్రతీరపు సరస్సు దాకా 240 కిలోమీటర్లు. 1666లో తవ్వకం మొదలై 1681లో పడవలకు తెరుచుకున్నది. దీనిని తలపెట్టిన పియెర్ పోల్ రికే ఇంజనీరు కాడు. రాజు తరఫున ఉప్పు పన్ను వసూలు చేసే గుత్తేదారు. ఒక దశలో పన్నెండు వేల మంది దాకా ఇక్కడ పని చేశారు, వారిలో స్త్రీలూ అనేకులు. రికే తన సొంత ధనమంతా ఇందులో పోసి, అప్పులు మిగిల్చి, కాలువ తెరుచుకోవడానికి కొన్ని నెలల ముందు 1680లో మరణించాడు. ఇప్పుడు సరుకుల పడవలు లేవు. ఒకప్పుడు గుర్రాలు పడవలను లాగుతూ నడిచిన గట్టు మీద సైకిళ్ళు తిరుగుతున్నాయి.

నగరపు ఇళ్ళు వెనుకబడగానే మేము ముసాఫిర్ అయ్యాము. తులూజ్‌లో నెల రోజులు ఉండే సంకల్పంతో వచ్చాము కనుక అక్కడ పూర్తి నమాజ్. నార్బోన్ దూరం నలభై ఎనిమిది మైళ్ళను ఎంతో మించుతుంది కనుక ఊరి పొలిమేర దాటిన తరువాత జుహర్, అసర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాతులు. ఏటేటా విద్యార్థులకు చెప్పే ఈ మస్అలాను సైకిలు మీద కూర్చుని ఆచరించటం అదే మొదటిసారి. అక్కడ గడియారం రెండు కావస్తే గానీ పొద్దు వాలదు. మొదటి జుహర్‌కు ఒక చెట్టు క్రింద ఆగి అబ్బాయి ఖిబ్లా సరిచూశాడు. మన ప్రాంతంలో ఖిబ్లా పడమర. అక్కడ తూర్పు నుండి కాస్త దక్షిణానికి వాలుతుంది. కాలువ కూడా తులూజ్ నుండి కార్కసోన్ దాకా దాదాపు అదే దిక్కుకు సాగుతుంది. గట్టు మీద జానమాజ్ పరిస్తే, మేము పోవలసిన బాటే మా ముందు ఉన్నది! కుక్కను వెంటబెట్టుకుని వస్తున్న ఒక వృద్ధుడు మమ్మల్ని చూసి ఆగిపోయాడు. మేము సలామ్ త్రిప్పేదాకా కుక్క మెడపట్టీని విడువక నిలబడి, తరువాత తలవంచి పలకరించి వెళ్ళిపోయాడు.

మొదటి యాభై కిలోమీటర్లు తారు బాట. సులువేనని అనుకుంటుండగా ఎదురుగాలి లేచింది. ఆగ్నేయం నుండి వీచే ఈ గాలికి ఆ ప్రాంతంలో ‘ఓతాన్’ అని పేరు. మా వేగం కాలినడకకు సమానమైనది. తొందర లేదు కనుక లాకులను తీరికగా చూశాము. దుగ్గిరాల లాకులు చూస్తూ పెరిగిన మాకు ఇవి వింతగా తోచాయి: లాకు గోడలు తిన్నగా గాక, గుడ్డు ఆకారంలో బయటకు ఉబ్బి ఉన్నాయి. మొదట తిన్నటి గోడలే కట్టారట. మట్టి ఒత్తిడికి కూలిపోతే ఈ వంపు పెట్టారు. అది మూడున్నర శతాబ్దాలుగా నిలిచే ఉన్నది.

నొరూజ్ అనే చోట కాలువ అత్యంత ఎత్తుకు, సముద్రమట్టానికి 189 మీటర్లకు చేరుతుంది. నల్లకొండల నుండి వచ్చే వాగులను సాం ఫెరియోల్ జలాశయంలో నిలిపి, పిల్లకాలువ ద్వారా ఇక్కడికి తెస్తారు. అక్కడ నీరు రెండుగా చీలి కొంత పడమటి మహాసముద్రానికి, కొంత మధ్యధరా సముద్రానికి పోతుంది. ఎక్కడి నుండి తెచ్చిన నీటిని ఎక్కడ కలిపితే రెండు వైపులా పారుతుందో కనిపెట్టటమే రికే చేసిన అసలు పని. మిగతాదంతా తవ్వకమే.

నొరూజ్ దాటగానే తారు పోయి గ్రావెల్ బాట వచ్చింది. తెల్లని సన్న కంకర, నడుమ నడుమ చెట్ల వేళ్ళు, చక్రం ఒరిగితే నేరుగా నీళ్ళే. ఆ రాత్రి కాస్తెల్నొదారిలో బస చేశాము. ఆ ఊరి ప్రసిద్ధ వంటకం తెల్ల చిక్కుడు గింజలతో పంది మాంసం కలిపి వండేది. మాకు మా రొట్టెలే దిక్కయ్యాయి.

రెండవ రోజు బాట మరీ ఇరుకు. ఇద్దరం ప్రక్కప్రక్కన పోలేము. అబ్బాయి ముందు, మేము వెనుక. ముఖం చూడవలసిన పని లేకపోవటం వల్లనేమో, ఎంత కాలం నుండో గొంతులో ఉన్న మాట బయటకు వచ్చింది. “బేటా, మీరిద్దరూ ఎప్పుడు తిరిగి వస్తారు?” అని అడిగాము. కంకర చప్పుడు తప్ప చాలాసేపు జవాబు లేదు. తరువాతి లాకు వద్ద సైకిలు ఆపి, వెనుకకు తిరగకుండానే, “పాపను ఇక్కడ వదిలి ఎలా రావాలి అబ్బా?” అన్నాడు.

రెండేళ్ళ క్రిందట వారికి కలిగిన బిడ్డ పదకొండు రోజులు జీవించి అల్లాహ్ సన్నిధికి చేరింది. ఆ రోజు అబ్బాయి మాకు ఫోను చేసి, మయ్యిత్‌ను మన ఊరికి తీసుకురావచ్చునా అని అడిగాడు. మరణించిన చోటనే ఖననం చేయటం ఉత్తమమని, దూరదేశం తరలించటం తగదని మేము చెప్పాము. మస్అలా సరైనదే. ఈనాడు అడిగినా అదే చెబుతాము. అయితే రెండు పాఠాల నడుమ విరామంలో, నిలబడి చెప్పిన జవాబు అది. ఆ తరువాత వాడేమి చేశాడో, ఎవరు సాయం వచ్చారో, ఎక్కడ స్థలం దొరికినదో మేము అడగలేదు. దుఆ చేశాము, అంతే.

ఆ సంగతులన్నీ ఆ లాకు గట్టు మీద కూర్చుని విన్నాము. ఫ్రాన్సులో సాధారణంగా శ్మశానవాటికలు పురపాలక సంస్థల అధీనంలో ఉంటాయి. కొన్నింటిలో ముస్లిములకు ఒక భాగం కేటాయించి ఉంటుంది. స్థలం గడువు మీద ఇస్తారు: 15, 30 లేక 50 ఏళ్ళు, కొన్ని చోట్ల శాశ్వతంగా. గడువు ముగిసి ఎవరూ పొడిగించకపోతే స్థలాన్ని వెనక్కు తీసుకుని అస్థికలను వేరొక చోట చేర్చవచ్చు. ఇందుకే అక్కడి ఎన్నో ముస్లిం కుటుంబాలు తమ మృతులను స్వదేశాలకు పంపుతున్నాయి. మా అబ్బాయి 30 ఏళ్ళకు తీసుకున్నాడు. కోడలు ప్రతి శుక్రవారం అక్కడికి వెళ్ళి వస్తుందని కూడా అప్పుడే తెలిసింది. మేము మరేమీ అడగలేదు. కార్కసోన్ దాకా ఇద్దరం మౌనంగానే తొక్కాము.

దారి పొడవునా ఎండ మాడ్చింది. ఈ గట్టుకు నీడనిచ్చిన చినార్ జాతి వృక్షాలు సుమారు 42 వేలు ఉండేవి. 2006లో ఇక్కడ ఒక శిలీంధ్రపు తెగులు బయటపడింది. దానికి మందు లేదు; సోకిన చెట్టునూ దాని పొరుగు చెట్లనూ నరికి కాల్చటమే. వేలాది వృక్షాలు పోయాయి. వాటి స్థానంలో వేర్వేరు జాతుల మొక్కలు నాటుతున్నారు. నీడకు చాలా కాలం పడుతుంది.

కార్కసోన్ కోట ఘనమైనదే గాని, దాని కథ విని నవ్వు ఆపుకోలేకపోయాము. షార్లమాన్ చక్రవర్తి కోటను అయిదేళ్ళు ముట్టడించగా, లోపలి ముస్లిం రాణి మిగిలిన గోధుమలన్నీ ఒక పందికి మేపి గోడ మీద నుండి విసిరిందట! పందులకు పెట్టేటంత ధాన్యం ఉన్నదని తలచి సైన్యం వెనుదిరిగిందట. కోట ద్వారం ప్రక్కన ఆ రాణి విగ్రహం కూడా నిలిపారు. ముస్లిముల కోటలోకి ఆ పంది ఎలా వచ్చిందో కథ కట్టినవారు ఆలోచించినట్లు లేదు.

చరిత్ర వేరు. 721లో తులూజ్ ఎదుట జరిగిన యుద్ధంలో, ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) అందలుస్‌కు నియమించిన పాలకుడు సమ్హ్ బిన్ మాలిక్ మరణించాడు. 725 ప్రాంతంలో అంబసా ఈ కార్కసోన్‌ను తీసుకున్నాడు. 732లో ఉత్తరాన బలాతుష్షుహదా వద్ద ఓటమి. నార్బోన్ మాత్రం ‘అర్బూనా’ అనే పేరుతో 759 దాకా, సుమారు నలభై ఏళ్ళు, ముస్లిముల చేతిలో ఉన్నది. ఈ పేర్లను ఎన్నో ఏళ్ళు తరగతిలో చెప్పాము గాని, వాటికి ఇటువంటి మట్టి, గాలి, ద్రాక్షతోటలు ఉన్నాయని ఎన్నడూ తలచలేదు.

మూడవ రోజు దాదాపు ఎనభై కిలోమీటర్లు. ద్రాక్ష కోత సాగుతున్నది. అదంతా మద్యానికే పోతుందన్న బాధ ఉన్నా, ఒక రైతు పిలిచి ఇచ్చిన గుత్తిని బిస్మిల్లాహ్ అని తిన్నాము. అంత తియ్యని పండు మేమెరుగము. నార్బోన్‌లో ఆ నలభై ఏళ్ళ ఆనవాలు ఏదైనా దొరుకుతుందేమోనని వీధులు తిరిగాము. మా కంటికి ఏదీ కనిపించలేదు.

అప్పుడు అబ్బాయి నీమ్ నగరం సంగతి చెప్పాడు. అది ఇంకా తూర్పున ఉన్నది. అక్కడి తవ్వకాలలో బయటపడిన మూడు సమాధుల మీద 2016లో పరిశోధకులు ఒక పత్రం ప్రచురించారు. ఏడు నుండి తొమ్మిదవ శతాబ్దాల నాటి పురుషులు. ముగ్గురినీ కుడి ప్రక్కకు త్రిప్పి, ముఖం ఖిబ్లాకు ఉండేటట్లు పడుకోబెట్టారు. ఒకరి వయస్సు యాభై దాటినది. పితృవంశం ఉత్తర ఆఫ్రికాకు చెందినదని ఎముకల పరీక్షలో తేలింది. పేర్లు తెలియవు.

“ఇదంతా నీకెలా తెలుసు?” అని అడిగాము.

“పాప పోయిన తరువాత చదివాను అబ్బా,” అన్నాడు.

తిరుగు ప్రయాణం రైలులో. సైకిళ్ళను పెట్టెలోని కొక్కేలకు తగిలించి కూర్చున్నాము. కిటికీ బయట అక్కడక్కడ కాలువ కనిపించి మాయమవుతున్నది. గడువు ఇంకా ఎన్నేళ్ళున్నదని అడిగితే ఇరవై ఎనిమిది అన్నాడు. అప్పటికి మాకు ఎనభై రెండు వస్తాయి. పొడిగింపు కాగితం మీద తాత పేరు కూడా వ్రాయవచ్చునేమో కనుక్కోమని చెప్పాము. తరువాతి శుక్రవారం కోడలితో పాటు మేమూ ఖబ్రస్తాన్‌కు వెళ్ళాము.