అమ్మని ఓడ ఎక్కించడం ఎలా?

సినిమాల్లో ఓడ ఎక్కడమంత సుళువైన పని ఇంకోటి లేదు. హీరోయిన్ చేతిలో చిన్న సూట్‌కేసు వుంటుంది. ఒక్క కట్. మరుక్షణం డెక్కు మీద నిలబడి వుంటుంది, జుట్టు గాలికి ఎగురుతూ! సామాను ఎవరు మోశారు, ఆధార్ కార్డు ఎవరు అడిగారు, వాంతుల బిళ్ళ ఎప్పుడు వేసుకుంది... ఇవేవీ ఏ దర్శకుడూ చూపించడు. చూపిస్తే మనం ఈలలు వెయ్యం కాబోలు.

అలాగని మనకి పడవ సినిమాలు కొత్తేం కాదు. బాపు గారి ‘అందాల రాముడు’ (1973) కథంతా గోదావరి మీద లాంచీ ప్రయాణమే. శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006)లో సుమంత్, కమలినీ ముఖర్జీల ప్రేమకి కూడా ఆ నదే సాక్షి. కానీ నది వేరు, సముద్రం వేరు సుమండీ. నదిలో అటో గట్టు, ఇటో గట్టు కనబడుతూ వుంటాయి. సముద్రంలో ఓడ విహారమంటే మన కుర్రకారుకి గుర్తొచ్చేవి కమల్ హాసన్ ‘మన్మథ బాణం’ (2010), జోయా అఖ్తర్ ‘దిల్ ధడక్‌నే దో’ (2015). ఈత కొలను, రంగుల దీపాలు, పొడుగాటి గౌన్లు! నాకూ ఓడంటే అదే.

2022 జూన్‌లో మా విశాఖపట్నం నుంచే పుదుచ్చేరి మీదుగా చెన్నైకి విహారనౌక బయల్దేరుతుందని పేపర్లో చదివిన రోజు నుంచీ నాకు ఒకటే పురుగు. 2023లో రేవులో ఆ ఓడల కోసమే టెర్మినల్ కూడా ప్రారంభించారు. నేను డబ్బు కూడబెట్టుకుని రెండు టికెట్లు కొనేసరికి 2025 అయింది. ఒకటి నాకు, ఒకటి అమ్మకి. నాన్న పోయిన ఈ మూడేళ్ళలో అమ్మ వీధి చివరి గుడికి తప్ప ఎక్కడికీ కదల్లేదు. ఈ వంకనైనా కదులుతుందని నా ఆశ.

టికెట్లు చూపించగానే అమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"ఏటే, ఓడా? మా ఇంట్ల ఓడెక్కినోల్లు తిరిగొచ్చినారేటే? నాను రాను. నువ్వెల్లు."

ఈ మాట అర్థం కావాలంటే మీరు నాతో కొంచెం వెనక్కి రావాలి. ఫ్లాష్‌బ్యాక్ అన్నమాట. ఉత్తరాంధ్రలో పాతకాలపు వాళ్ళు బర్మాని ‘రంగం’ అనేవారు. రంగూన్ అన్న పేరే నోట్లో నలిగి అలా అయింది. పంటల్లేని ఏడు, అప్పు తీరని ఏడు, మగవాళ్ళు కాకినాడలోనో, భీమిలిలోనో, కళింగపట్నంలోనో ఓడెక్కి రంగం పోయేవారు. డెక్కు మీదే పడక, డెక్కు మీదే వంట. అక్కడ రంగూన్ రేవులో బస్తాలు మోసిన కూలీల్లో మనవాళ్ళు చాలామంది. బర్మా వాళ్ళు తెలుగువాళ్ళని ‘కోరంగీలు’ అనేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు అలా మనందరికీ తగిలించేశారు.

మా అమ్మమ్మ పొత్తిళ్ళలో వుండగా వాళ్ళ నాన్న అలాగే భీమిలిలో ఓడెక్కాడు. ఒకసారి వచ్చాడు. వచ్చినప్పుడు ఒక ఇత్తడి మరచెంబు తెచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. 1942 మార్చిలో రంగూన్ జపాను వాళ్ళ వశమైంది. లక్షలాది మంది అడవుల్లోంచి, కొండల్లోంచి నడిచి ఇండియాకి వచ్చారు. దారిలో ఎందరు రాలిపోయారో! వచ్చినవాళ్ళలో ఆయన లేడు. పోయాడని కబురూ లేదు. ఎప్పుడొస్తానని చెప్పి వెళ్ళాడో కూడా మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ముత్తవ్వ చనిపోయేదాకా బొట్టు తీయలేదట. చెంబు మాత్రం మిగిలింది. అది అమ్మమ్మ నుంచి అమ్మకి వచ్చింది.

ఇప్పుడు చెప్పండి, అలాంటి ఇంటి ఆడకూతురికి ఈత కొలను బొమ్మ చూపించి "రామ్మా, సరదాగా వుంటుంది" అంటే వస్తుందా?

వారం రోజులు బతిమాలాను. ఎనిమిదో రోజున ఏమనుకుందో ఏమో, అటక మీంచి పెట్టె దింపమంది. అది ఒప్పుకోవడమని నేను అర్థం చేసుకున్నాను. అసలు చిక్కు అక్కడే మొదలైంది. అమ్మ సర్దింది విహారానికి కాదు, రంగానికి! రెండు శేర్ల అటుకులు, బెల్లం, మాగాయ, చింతపండు, దుప్పట్లు, దీపం కుందె, వత్తులు, కర్పూరం, అగరుబత్తీలు, కూర తరుక్కునే కత్తిపీట! నేను ఒక్కొక్కటే బయటికి తియ్యడం, రాత్రికి అవి మళ్ళీ లోపలికి దూరడం.

తిండి బయట్నుంచి తీసుకెళ్ళకూడదని చెప్పాను. "అక్కడ మడిసికి అన్నం ఎడతారా?" అంది. పూటకి ముప్ఫై రకాలు పెడతారమ్మా అంటే నమ్మదే! దీపం సంగతి మరీ కష్టమైంది. ఓడలో నీటికంటే నిప్పుకే ఎక్కువ భయపడతారు. చుట్టూ నీళ్ళే వున్నా పారిపోయే దారి వుండదు కదా. అందుకే గదిలో కొవ్వొత్తి వెలిగించనివ్వరు, అగరుబత్తి వెలిగించనివ్వరు, ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచుకునే హీటరు కూడా రానివ్వరు. చివరికి కుందె ఇంట్లో ఆగిపోయింది. దాని బదులు దేవుడి పటం వచ్చింది.

మీలో ఎవరైనా ఓడ ప్రయాణం పెట్టుకుంటే ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. మొదటిరోజు మీ పెట్టె మీతో వుండదు. టెర్మినల్లో దానికి మీ పేరు, గది నెంబరు వున్న చీటీ కట్టి పట్టుకుపోతారు. మళ్ళీ మీ గుమ్మం ముందు కనబడేసరికి సాయంత్రం కావచ్చు, రాత్రి కావచ్చు. అంతదాకా మీ ప్రాణమంతా చేతిసంచీలోనే! అంచేత అమ్మ బీపీ మాత్రలు, కళ్ళజోడు, ఒక జత బట్టలు, ఆధార్ కార్డులు, బోర్డింగ్ పాసుల కాగితాలు, ఫోను చార్జరు అన్నీ అందులోనే పెట్టాను. ఈత కొట్టాలనుకునే వాళ్ళు ఆ బట్టలు కూడా పైనే పెట్టుకోవాలి. లేకపోతే మొదటి సాయంత్రమంతా కొలను గట్టున జీన్సు ప్యాంటుతో కూర్చుని పక్కవాళ్ళని చూస్తూ వుండాలి!

ఇక కడుపులో తిప్పడం. వానాకాలం బంగాళాఖాతం ఎవరి మొహమూ చూడదు. ఓడ వూగుతుంటే చెవిలోపలి తూకం ‘కదులుతున్నాం’ అంటుంది, గదిలో గోడని చూసే కన్ను ‘లేదు, కూర్చునే వున్నాం’ అంటుంది. ఈ తగాదాలో నలిగేది కడుపు. పైకొచ్చి దూరంగా సముద్రం, ఆకాశం కలిసేచోటు చూస్తూ నిలబడితే కన్నూ చెవీ కొంత రాజీ పడతాయి. డాక్టరుగారినడిగి బిళ్ళలు తెచ్చాను. ఆ బిళ్ళ వాంతి వచ్చాక కాదు, ఓడ కదలడానికి ముందే వేసుకోవాలి. గది కూడా ఓడ నడిమధ్యలో, కింది అంతస్తులో తీసుకున్నాను. పిల్లలాడే తొక్కుడుబల్ల చూశారుగా, చివర్లు ఎగురుతాయి, మధ్య అంత కదలదు. పైన బాల్కనీ గది అందమే. అయితే అందానికీ మాగాయ అలవాటైన కడుపుకీ పొత్తు కుదరదు.

అమ్మ భయం మాత్రం బిళ్ళలతో పోయేది కాదు. ‘టైటానిక్’ సినిమా టీవీలో ఆవిడ మూడుసార్లు చూసింది. నేను ఎదురెళ్ళి ఆ సినిమా సంగతులే చెప్పాను. జేమ్స్ కామెరాన్ 1997లో దాన్ని తీసినప్పుడు మెక్సికోలో సముద్రం ఒడ్డున దాదాపు అసలు ఓడంత సెట్టు వేయించాడు. ఖర్చు కలిసొస్తుందని కుడిపక్క మాత్రమే పూర్తిగా కట్టారు. తీరా చూస్తే అసలు ఓడ సౌతాంప్టన్‌లో రేవుకి ఎడమపక్కనే ఆనుకుని వుంది! ఏం చేశారనుకున్నారు? ఓడ బయల్దేరే దృశ్యాలు తీసి, అద్దంలో ప్రతిబింబంలా బొమ్మని తిప్పేశారు. అందుకోసం బోర్డుల మీద అక్షరాలు తిరగేసి రాయించారు. బట్టలు కూడా అటుది ఇటు కుట్టించారు. మనం కన్నీళ్ళు పెట్టుకుంటూ చూసిన ఆ వీడ్కోలు తెర మీద అలా తయారైంది.

అమ్మ నవ్వింది. అదే అదనుగా అసలు ఓడ సంగతి చెప్పాను. 1912లో ఆ ఓడలో వున్నది సుమారు 2,200 మంది, ప్రాణరక్షణ పడవల్లో చోటు 1,178 మందికే. 1,500 మందికి పైగా పోయారు. ఆ తర్వాత 1914లో దేశాలన్నీ కూర్చుని ఓడల భద్రతకి ఒప్పందం రాసుకున్నాయి. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా అనే విహారనౌక రాయిని గుద్దుకుని 32 మంది పోయారు. ఆ రోజే ఎక్కినవాళ్ళు కొందరికి అప్పటికింకా డ్రిల్లే జరగలేదు. ఆ తర్వాత నిబంధన గట్టిపరిచారు. 2015 నుంచి, ఓడ కదిలేముందో, కదిలిన వెంటనేనో ప్రయాణికులందరికీ ఆ డ్రిల్లు జరిపి తీరాలి. ప్రమాదమొస్తే ఎక్కడికి పోవాలి, లైఫ్‌జాకెట్ ఎలా కట్టుకోవాలి అన్నీ చూపిస్తారు.

అమ్మ అంతా విని, "అయితే ముందు ఆ పెరేడ్ సూపించు. తరవాత నీ కొలను సూద్దాం" అంది.

బయల్దేరే ముందురోజు ఇంకో గొడవ. పసుపూ కుంకుమా పొట్లం కట్టి చెంబులో వేస్తోంది. ఓడ లోతుకెళ్ళాక గంగమ్మకి ఇస్తుందట. ఓడ మీంచి పువ్వు రేకైనా నీళ్ళలో వెయ్యకూడదని నేను చదివి వున్నాను. చెబితే మళ్ళీ ప్రయాణం ఆగుతుందేమోనని గుండెల్లో రాయి పడింది. అయినా చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే బీమిలి తీసికెల్లు. అక్కడే ఇచ్చేత్తాను" అంది.

సాయంత్రం ఇద్దరం స్కూటరు మీద భీమిలి వెళ్ళాం. చీర కుచ్చెళ్ళు తడుస్తున్నా అమ్మ మోకాలి లోతుకి దిగింది. పసుపు, కుంకుమ నీళ్ళలో వదిలి తాతగారి పేరు పెట్టి పిలిచింది. అమ్మ నోట ఆ పేరు వినడం నాకదే మొదటిసారి. ఇంట్లో ఎప్పుడూ ‘రంగం తాత’ అనడమే. తిరిగొచ్చేటప్పుడు స్కూటరు వెనకనుంచి, "రేపు ఎన్నింటికి ఎల్లాలే?" అని తనే అడిగింది.

మర్నాడు టెర్మినల్‌కి రెండు గంటలు ముందే వెళ్ళాం. జాతర జనం! పెట్టెలకి చీటీలు కట్టించి అప్పగించాం. పెట్టె కనుమరుగయ్యేదాకా అమ్మ మెడ సాచి చూస్తూనే వుంది. తనిఖీలో ఆ మరచెంబు బల్ల మీద పెట్టించారు. కుర్రాడు మూత మర విప్పి లోపలికి చూశాడు. ఖాళీ.

"ఏంటమ్మా ఇది?"

"రంగందండీ."

"రంగమంటే? జీవా సినిమానా?"

ఆ అబ్బాయి తప్పేం లేదు. 2011లో ‘రంగం’ వచ్చినప్పుడు నేనూ మొదటిరోజు మొదటాట చూసినదాన్నే. అమ్మ విసుక్కోకుండా, వెనక లైను ఆగిపోతున్నా, మొత్తం కథ చెప్పింది. ఆ కుర్రాడు చెంబు మూత తనే బిగించి ఇచ్చాడు.

లోపల ఫోటో తీసి ఒక కార్డు ఇచ్చారు. గది తాళమూ అదే, పర్సూ అదే. అందరూ భోజనాల హాలుకి పరిగెత్తుతుంటే అమ్మ మాత్రం "పెరేడ్ ఎక్కడే?" అంటూ నన్ను లాక్కుపోయింది. సైరను మోగేసరికి మా గుంపుకి చెప్పిన చోట మొదటి వరసలో మేమిద్దరమే! లైఫ్‌జాకెట్ బిగించడం చూపించారు. ఒకమ్మాయి వచ్చి ఒక్కొక్కరి కార్డూ స్కాన్ చేసుకుంటూ పోయింది.

"ఏటే సేత్తంది?"

"లెక్కపెడుతోందమ్మా. ఎవరైనా రాకపోతే వెతికి తెస్తారు."

అమ్మ తన కార్డుని తిప్పి తిప్పి చూసుకుంది. "తాతోల్లని ఎవులైనా లెక్కెట్టుంటారేటే?" అంది. నేనేం చెప్పను?

సాయంత్రం ఓడ కదిలింది. డాల్ఫిన్స్ నోస్ కొండ మెల్లగా పక్కనుంచి జరిగిపోతోంది. డెక్కు మీద పాటలు, కుర్రాళ్ళ డాన్సులు. 1971 డిసెంబర్లో ఘాజీ జలాంతర్గామి మునిగింది ఈ దరిదాపుల్లోనేనని, దాని మీదే 2017లో రానా సినిమా వచ్చిందని నేను చెబుతున్నాను. "అప్పుడు నాకు పదేల్లు. మా ఇంటి అద్దాలదిరిపోనాయి" అంది అమ్మ, కొండ మీంచి చూపు తిప్పకుండా.

సముద్రంలో లోతుకెళ్ళాక ఫోను పనిచెయ్యదు. ఓడవాళ్ళ శాటిలైట్ లైనుకి తగులుకుంటే బిల్లు వాచిపోతుంది, అందుకని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టెయ్యాలి. పెట్టబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది. సిగ్నలు ఇంకా ఒక్క గీత వుంది. భీమిలిలో పిన్నికి కలిపి ఇచ్చాను.

"ఎక్కీసినానే... ఆఁ, కదిలీసింది. నాను సుక్కురోరం పొద్దున్న రైలుకి వొచ్చెత్తాను. సుక్కురోరం. రాసుకో."