మా తాత ఊరి గురుద్వారా

ఇక్కడ ఇంగ్లండులో మా ఆసుపత్రికి వచ్చే పంజాబీ పెద్దవాళ్ళు "మీ సొంత ఊరేది డాక్టరు గారూ?" అని అడుగుతుంటారు. మా పెద్దలది నాందేడ్ అని చెప్పగానే రెండు చేతులూ జోడించి, "హజూర్ సాహిబ్ మీ ఊరా!" అంటారు. అదే మాట మన తెలుగు మిత్రులతో అంటే, "నాందేడ్ మహారాష్ట్ర కదండీ, మీరు తెలుగువారెలా అయ్యారు?" అని ఆశ్చర్యపోతారు. ఆ ప్రశ్నకు జవాబుగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నాందేడ్ 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఒక జిల్లా. అక్కడి బజారులో మరాఠీ, తెలుగు, ఉర్దూ కలిసే వినిపించేవి. ధర్మాబాద్, బిలోలి వైపు ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. మా తాత నాందేడ్‌లో పుట్టి, ఉర్దూలో చదువుకుని, బడిపంతులయ్యాడు. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనలో నాందేడ్ బొంబాయి రాష్ట్రానికి పోయింది. 1960లో మహారాష్ట్రలో భాగమైంది. తాత తెలుగువాడు గనుక నిజామాబాదుకు వచ్చేశాడు. రైల్లో కొద్ది గంటల దూరమే అయినా మళ్ళీ అక్కడ కాపురం పెట్టలేదు. బాసర వెళ్ళినప్పుడల్లా గోదావరిలో దిగి, "ఇవి మన ఊరి మీదికెళ్ళి వచ్చిన నీళ్ళురా" అనేవాడు.

పోయిన డిసెంబరులో సెలవులకు వెళ్ళినప్పుడు బాపును, నా భార్యను, ఎనిమిదేళ్ళ మా అమ్మాయిని వెంటబెట్టుకుని సికింద్రాబాదులో రైలెక్కాను. బాపు పుట్టింది నిజామాబాదులో. ఆయనా నాందేడ్ చూడటం అదే మొదటిసారి. తాత చెప్పిన గుర్తులు పట్టుకుని గురుద్వారా చుట్టుపక్కల గల్లీలన్నీ తిరిగాం. 2008లో గురుగద్దీ మూడువందల ఏళ్ళ ఉత్సవాలకు ఆ ప్రాంతమంతా రోడ్లు వెడల్పు చేశారు. ఇల్లు కాదు గదా, ఇల్లున్న గల్లీ కూడా తేలలేదు. బాపు పైకేమీ అనలేదు గాని ముఖం చిన్నబుచ్చుకున్నాడు. సాయంత్రమైంది, గురుద్వారాకైనా వెళదామన్నాను.

ఔరంగజేబు కొడుకు బహదూర్ షాతో పాటు దక్షిణానికి వచ్చిన గురు గోవింద్ సింగ్ 1708లో ఇక్కడే పరమపదించారు. ఒక పఠాను ఆయనను కత్తితో పొడిచాడనీ, గాయానికి కుట్లు వేశాక మానుతున్న సమయంలో గట్టి విల్లు ఎక్కుపెట్టబోతే అవి తెగిపోయాయనీ సిక్కుల సంప్రదాయం చెబుతుంది. కుట్లు ఆరకముందే బరువులెత్తి తిరిగి ఆసుపత్రికొచ్చిన రోగులను చూసినవాణ్ణి గనుక ఆ మాట నాకు కట్టుకథలా తోచలేదు. ఇకమీదట మనిషి గురువు ఉండడు, గ్రంథమే గురువు అని ఆయన నిర్ణయించినదీ ఇక్కడే. అందుకే సిక్కుల అయిదు తఖ్తులలో ఇదొకటి. ఇప్పుడున్న కట్టడాన్ని మహారాజా రంజిత్ సింగ్ 1832-37 మధ్య కట్టించాడు.

తలలకు రుమాళ్ళు కట్టుకుని లోపలికి వెళ్ళాం. దీపాలతో హారతి ఇస్తున్నారు. గురువు ఆయుధాలను భక్తులకు చూపిస్తున్నారు. గర్భగుడిలోకి పూజారులు తప్ప ఎవరూ వెళ్ళరు. ప్రతిరోజూ గోదావరి నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి లోపల కడుగుతారట. పంజాబులో ఇరవయ్యో శతాబ్దపు సంస్కరణల తర్వాత ఇలాంటి పాత పద్ధతులు చాలావరకు పోయాయి. ఇంత దూరంలో ఉన్న నాందేడ్‌లో మాత్రం నిలిచాయి.

లంగరులో నేలమీద బంతిలో కూర్చున్నాం. రొట్టెలు వడ్డిస్తున్న ఒక ముసలి సర్దార్జీ మా మాటలు విని, అచ్చమైన తెలంగాణ తెలుగులో "మీది ఏ ఊరు బిడ్డా?" అన్నాడు. ఆయనది హైదరాబాదు, సేవకు వచ్చాడట. నిజాం రాజ్యంలో కొలువుకని 1830లలో పంజాబునుంచి వచ్చిన సిక్కు సిపాయిల వంశం. "మా తాతల తాతలు ఫౌజుల వచ్చిండ్రు. పంజాబు పోతే మమ్ముల దక్కనోళ్ళంటరు, ఈడ పంజాబోళ్ళంటరు" అని నవ్వాడు. ఇంట్లో ఏ భాష అని అడిగాను. "ఇంట్ల హిందీ, బజార్ల తెలుగు, అర్దాసుకు పంజాబీ" అన్నాడు. బాపు ఉండబట్టలేక "మా నాయిన ఇల్లు దొరకలేదు" అన్నాడు. ఆయన ఇంకో రొట్టె వేసి, "ఇల్లు పోతే పోనీ, ఈడ కూసొని తిన్నరు గద" అన్నాడు. బాపు ఆ రొట్టె వద్దనకుండా తిన్నాడు.

ఆ సర్దార్జీ మాటలు నన్ను చాలా రోజులు వదల్లేదు. పరాయి నేలమీద దాదాపు రెండు వందల ఏళ్ళు! ఇంటి భాష మారిపోయింది. మనకు అన్నేళ్ళు కూడా పట్టదు. మన పిల్లలనే చూస్తున్నాం గదా. అయినా వాళ్ళకు మిగిలినది గట్టిగా మిగిలింది. ఎందుకని ఆలోచిస్తే నాకు ఆ బిందే గుర్తొస్తుంది. అది పండుగనాడు చేసే పని కాదు. ఎండైనా వానైనా ఎవరో ఒకరు గోదావరికి వెళ్ళి నీళ్ళు తేవాలి. మనమేమో ఉగాదికీ, సంక్రాంతికీ హాలు అద్దెకు తీసుకుని, పిల్లలకు పట్టుబట్టలు కట్టి, రెండు పద్యాలు చెప్పించి సంతోషిస్తాం. అది మంచిదే, మానమని చెప్పను. కాని ఏడాదికి రెండుసార్లు తెచ్చిన నీళ్ళతో ఇల్లు గడవదు.

మా ఇంట్లో మేం పెట్టుకున్న నియమం చిన్నదే: రాత్రి భోజనం దగ్గర తెలుగే మాట్లాడాలి. మా అమ్మాయి మొదటి వారం మూతి ముడుచుకుని, మాట్లాడకుండానే తిని లేచిపోయింది. ఇప్పుడు "పప్పు ఇంకొంచెం వెయ్యి" దాకా వచ్చింది. దానిలో ఇంగ్లీషు యాస ఉంది. ఉండనివ్వండి.

ఈసారి సెలవులకు వెళ్ళేవారు వీలు చేసుకుని నాందేడ్ వెళ్ళి రండి. సికింద్రాబాదు నుంచి నిజామాబాదు, బాసర మీదుగా రైలుంది. సాయంత్రం హారతి వేళకు చేరండి. లంగరులో తినకుండా మాత్రం రావద్దు.