ప్రశ్నకయ్యే ఖర్చు

శిక్ష పడిన మనిషికి అప్పీలు చేసుకునే హక్కు ఉందని మనందరం వినే ఉంటాం. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రభుత్వమే పెడుతుందనీ తెలుసు. 1976లో రాజ్యాంగంలో చేరిన 39ఎ అధికరణం ఆ మాట ఇచ్చింది. 1978లో హోస్కాట్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ మాటను జైలు గోడల లోపలికి తీసుకెళ్లారు. తీర్పు ప్రతిని ఖైదీకి ఉచితంగా అందించాలన్నారు, అప్పీలుకు లాయరు కావాలంటే ఆ సాయమూ ఉచితంగానే అందాలన్నారు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా దీనికి అర్హులు. ఇన్ని ఉండగా ఇంకేం కావాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవలసిన అవసరం నాకు అనుకోకుండా వచ్చింది.

డిగ్రీలో నా దగ్గర జువాలజీ చదివిన ఒక అమ్మాయి తరవాత లా చదివి లాయరైంది. ఉచిత న్యాయ సహాయం ప్యానెల్లో చేరింది. ఒక హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడిన ఖైదీ అప్పీలును ఆమెకు అప్పగించారు. ఆ కాగితాల కట్ట పట్టుకుని గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చింది.

"లా పాయింట్లు నేను చూసుకుంటాను మాస్టారూ. ఈ డీఎన్ఏ రిపోర్టు దగ్గరే ఆగిపోయాను. ఇది ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో కాస్త చూసిపెట్టండి" అంది.

రిపోర్టు రెండు పేజీలు. సీళ్లు చెదరకుండా నమూనాలు అందాయి, వాటినుంచి డీఎన్ఏ తీశాం, రెండూ సరిపోలాయి. ఉన్నది అంతే. డీఎన్ఏను ఏయే స్థానాల్లో పోల్చారో పట్టిక లేదు. యంత్రం ఇచ్చిన గ్రాఫులు లేవు. నమూనాలో ఒక్కరి డీఎన్ఏ ఉందా, ఇద్దరు ముగ్గురిది కలిసిపోయిందా చెప్పలేదు. సంబంధం లేని మరో మనిషికి కూడా అదే ప్రొఫైల్ ఉండే అవకాశం ఎంతో లెక్క కట్టలేదు. చేసిన లెక్క చూపకుండా జవాబు మాత్రం రాసిన పేపరును దిద్దమన్నట్టు అనిపించింది నాకు.

"స్వాధీనం చేసుకున్న బట్టలు ల్యాబుకు వెళ్లేదాకా ఎక్కడున్నాయమ్మా?"

"పోలీస్ స్టేషన్లో. ఎలా దాచారో రికార్డులో లేదు."

"రిపోర్టు రాసిన సైంటిస్టును కోర్టులో ఏమడిగారు?"

"అసలు పిలవలేదు మాస్టారూ. ప్రభుత్వ ల్యాబు రిపోర్టును మనిషి రాకపోయినా సాక్ష్యంగా తీసుకోవచ్చు. ఎవరైనా పిలవమంటేనే పిలుస్తారు. కింది కోర్టులో ఎవరూ పిలవమనలేదు."

"పోనీ, ఇప్పుడు బయటి నిపుణుడెవరికైనా చూపిస్తే?"

"ఎవరి డబ్బుతో?" అంది. నిష్ఠూరంగా కాదు, నాకు తెలిస్తే చెబుతానేమోనని నిజంగానే అడిగింది.

నాకు తోచిన ప్రశ్నలన్నీ వరసగా రాసిచ్చాను. వాటి ఆధారంగా ఆమె ల్యాబులోని అసలు రికార్డులు తెప్పించమని హైకోర్టులో పిటిషన్ వేసింది. ఆ అప్పీలు ఇంకా విచారణకు రావలసి ఉంది.

ఆమె వెళ్లాక, చదువు చెప్పినందుకు ఒకరికి ఉపయోగపడ్డానన్న తృప్తి కలిగింది. కానీ ఆలోచించేకొద్దీ అది కలతగా మారింది. నేను ఫోరెన్సిక్ నిపుణుణ్ణి కాను. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్, ఆయన సహచరులు 1980ల చివర మన దేశంలో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతికి పునాది వేసిన తీరును విద్యార్థులకు ఇష్టంగా చెప్పిన అధ్యాపకుణ్ణి, అంతవరకే. ఆ ఖైదీ రిపోర్టును ఒక్కరైనా నిలదీసి చదివారంటే, అతని లాయరు ఒకప్పుడు నా క్లాసులో కూర్చుంది కాబట్టి. అదే జైల్లో ఉన్న మరో ఖైదీ లాయరుకు ఇలాంటి పరిచయం లేకపోతే అతని రిపోర్టు ఎవరు చదువుతారు? పరిచయాన్ని బట్టి అందేదాన్ని హక్కు అని ఎలా అనగలం?

ఇంతకన్నా బరువైన సందేహం మరొకటి ఉంది. చనిపోయిన మనిషి ఇంట్లోవాళ్లకు నేనేం చెప్పగలను? కోర్టు నేరం రుజువైందన్నాక, ప్రజల సొమ్ముతో ఆ రుజువును మళ్లీ తిరగేయడం వాళ్ల దుఃఖాన్ని కెలకడం కాదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసేయడం నాకు చేతకాలేదు. అప్పుడు మన విజయవాడ కేసే గుర్తొచ్చింది. 2007 డిసెంబరులో హాస్టల్లో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. 2010లో ఒక యువకుడికి శిక్ష పడింది. ప్రాసిక్యూషన్ చూపిన ఆధారాల్లో డీఎన్ఏ కూడా ఉంది. అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాక, 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. నేరం చేసింది అతను కాదని మొదటినుంచీ చెబుతూ వచ్చినవాళ్లు ఆ అమ్మాయి తల్లిదండ్రులే. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకు ఎవరో ఒకరికి శిక్ష పడటం చాలదని, నిజం కావాలని వాళ్లను చూశాకైనా మనం గ్రహించాలి. రుజువును పరీక్షించమని అడిగే హక్కు ఖైదీకి ఎంత ఉందో వాళ్లకూ అంతే ఉంది.

లాయరు ఉంటే చాలా అన్నదానికి మరో కేసు జవాబిస్తుంది. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో 2013లో ఒక బాలిక హత్య కేసు విచారణ, అభియోగాలు నమోదైన రెండు వారాల్లోపే ఉరిశిక్షతో ముగిసింది. నిందితుడి తరఫు లాయరును నియమించిందీ అభియోగాలు నమోదు చేసిందీ ఒకే రోజు. 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, ఇలాంటి కేసుల్లో లాయరుకు అనుభవమూ సిద్ధమయ్యే వ్యవధీ ఉండాలంది. మళ్లీ విచారణ జరిగింది, మళ్లీ ఉరిశిక్షే పడింది. డీఎన్ఏ నిపుణులను కోర్టులో విచారించలేదని ఈసారి హైకోర్టు వెనక్కి పంపింది. ఆ ప్రశ్నలన్నీ పడ్డాక, 2024లో అతను నిర్దోషిగా బయటికొచ్చాడు. పదకొండేళ్లు పట్టింది. రెండోసారి లోపమేమిటో గమనిస్తే, లాయరు ఉన్నంత మాత్రాన సైన్సుకు సమాధానం అడిగే మనిషి ఉన్నట్టు కాదని తెలుస్తుంది.

అయినా డబ్బుకూ దీనికీ నిజంగా అంత సంబంధం ఉందా? అమెరికాలోని అలబామాలో ఆంథొనీ రే హింటన్ జీవితం దీనికి జవాబు. 1985లో అరెస్టయిన ఆయనకు మరణశిక్ష వేయించింది, తూటాలు ఆయన తల్లి రివాల్వర్ నుంచే వచ్చాయన్న నిపుణుల మాట. కోర్టు వెయ్యి డాలర్లకు మించి ఇవ్వదనుకుని, ఆయన లాయరు తనకే నమ్మకం లేని నిపుణుడితో సరిపెట్టుకున్నాడు. నిజానికి అప్పటి చట్టం అంతకన్నా ఎక్కువ అడగనిచ్చేది. ఆ సంగతి లాయరు తెలుసుకోకపోవడం అతని పనిలో రాజ్యాంగం ఒప్పుకోని లోపమేనని 2014లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. దాదాపు ముప్పై ఏళ్ల తరవాత, 2015లో హింటన్ బయటికొచ్చారు.

ఇది చదివాక మన 1987 చట్టాన్ని మళ్లీ తీశాను. న్యాయ సేవ అంటే కేసు నడపడంలో అందించే ఏ సేవైనా అన్నంత విశాలంగా ఉంది అందులోని నిర్వచనం. అంటే రిపోర్టును పరీక్షించే నిపుణుడికి అందులో చోటుంది. ఆ చోటును వాడుకునే అలవాటూ, అందుకు కేటాయించిన సొమ్మూ కావాలి. 2024 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ సంహిత, ఏడేళ్లు ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలంటోంది. డీఎన్ఏ నమూనాలు 48 గంటల్లో ల్యాబుకు చేరాలని, చేతులు మారిన ప్రతిసారీ నమోదు కావాలని సుప్రీంకోర్టు 2025లో ఆదేశించింది. ఇవి మంచి మార్పులే. వీటితో కోర్టుకు చేరే రిపోర్టులు పెరుగుతాయి. వాటిని చదవగలిగినవాళ్లు రెండు పక్కలా ఉండాలి కదా.

ప్రతి హైకోర్టు న్యాయ సేవల కమిటీ దగ్గరా నిపుణుల జాబితా, వారి ఫీజుకు నిధి, అప్పీలు కాగితాలతో పాటే ల్యాబు అసలు రికార్డు. ఇప్పుడు నాకు కావాలనిపిస్తున్నవి ఇవి. నా విద్యార్థిని పట్టుకొచ్చిన కేసులో ఆ ఖైదీ దోషో కాదో నాకు తెలియదు. మళ్లీ పరీక్షిస్తే అతనే అని తేలవచ్చు. అప్పుడు ఆ తీర్పు మరింత గట్టిగా నిలబడుతుంది, చనిపోయినవారి మనుషులకూ ఒక నిశ్చయం దొరుకుతుంది. ఏది తేలినా ఆ ఖర్చు వృథా కాదని నాకు అర్థమైంది. దర్యాప్తుకూ ల్యాబుకూ ప్రాసిక్యూషన్‌కూ జైలుకూ మనమే డబ్బు కడుతున్నాం. శిక్షలు మనందరి పేరు మీదే పడుతున్నాయి. వాటిని సరిచూసుకోవడానికి అయ్యే ఖర్చునూ మన పేరు మీదే రాసుకోవాలి.