చూడవచ్చినవాళ్లు

1959 అక్టోబరులో న్యూయార్క్ ఫోర్త్ అవెన్యూ మీది రూబెన్ గ్యాలరీకి వెళ్లినవాళ్ల చేతికి కార్డులు ఇచ్చారు. ఏ గదిలో కూర్చోవాలో, ఎప్పుడు లేచి మరో గదికి మారాలో వాటిలో రాసి ఉంది. ప్లాస్టిక్ షీట్లు కట్టి గ్యాలరీని మూడు గదులుగా విడగొట్టారు. గంట మోగితే కదలాలి. ఒకచోట ఎవరో నారింజలు పిండుతుంటారు, ఇంకోచోట గుడ్డ మీద రంగు వేస్తుంటారు. పక్క గదిలో జరిగేది షీట్ వెనక మసగ్గా కనిపిస్తుంది, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. మొత్తం చూసినవాళ్లు ఎవరూ లేరు. ఎవరు కూర్చున్న చోటును బట్టి వాళ్లకు దక్కింది అంతే. అలన్ కాప్రో దీనికి ‘18 హ్యాపెనింగ్స్ ఇన్ 6 పార్ట్స్’ అని పేరు పెట్టాడు. పాల్గొనేవాళ్ల జాబితాలో, కుర్చీల్లో కూర్చునే సందర్శకులను కూడా చేర్చాడు.

కొద్ది రోజుల్లో అన్నీ విప్పేశారు. హ్యాపెనింగ్ అన్న మాట మాత్రం ఊళ్లు దాటి వెళ్లిపోయింది.

కాప్రో మొదట చిత్రకారుడు. స్వరకర్త జాన్ కేజ్ క్లాసుల్లో కూర్చుని శబ్దం గురించీ, యాదృచ్ఛికత గురించీ ఆలోచించడం నేర్చుకున్నాడు. చిత్రకారుడు పోలాక్ కాన్వాసు గోడ దిగి గదంతా పరుచుకున్నట్టు అతనికి తోచింది. ఆ గదిలో మనుషులు కూడా ఉంటారు కదా, వాళ్లను ఏం చేయాలన్నదే అతని ప్రశ్న. 1966లో ఏబ్రమ్స్ సంస్థ వేసిన ‘అసెంబ్లేజ్, ఎన్విరాన్‌మెంట్స్ అండ్ హ్యాపెనింగ్స్’ అనే పెద్ద పుస్తకంలో దీనికి తన జవాబు రాశాడు. హ్యాపెనింగ్ ఒక్కసారే జరగాలి. కళకూ బతుక్కూ మధ్య గీత వీలైనంత పలచగా ఉండాలి. ప్రేక్షకులు అనేవాళ్లే ఉండకూడదు, వచ్చినవాళ్లంతా చేసేవాళ్లు కావాలి.

ఆ జవాబు కన్నా నన్ను పట్టుకున్నవి ఆ పుస్తకంలోని ఫొటోలు. నలుపు తెలుపు, పేజీల కొద్దీ. 1961లో మార్తా జాక్సన్ గ్యాలరీ పెరడంతా పాత టైర్లతో నింపిన ‘యార్డ్’ ఉంది. అక్కడికి వచ్చినవాళ్లకు నడవడానికి దారి లేదు, టైర్ల మీదుగానే పోవాలి. మరుసటి ఏడాది స్మోలిన్ గ్యాలరీలో ‘వర్డ్స్’ చేశాడు. గోడల నిండా మాటలు రాసిన కాగితాలు. వచ్చినవాళ్లు తమ మాటలు కూడా రాసి చేర్చవచ్చు. మ్యూజియంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడం అలవాటైన మనుషులకు, ముట్టుకో అని, రాయి అని చెప్పిన గదులవి.

1964లో ఇథాకా దగ్గర ఒక చెత్తకుప్పలో జరిగిన ‘హౌస్‌హోల్డ్’ ఇంకా ముందుకు పోయింది. కార్నెల్ విశ్వవిద్యాలయం అడిగితే చేసింది. మగవాళ్లు ఒక గోపురం, ఆడవాళ్లు ఒక గూడు కట్టారు. పాడుబడిన కారుకు స్ట్రాబెరీ జామ్ పూసి నాకారు. చూడడానికంటూ విడిగా ఎవరూ లేరు. ఆ జామ్ ఫొటోలు చూస్తే మొదట ఇబ్బందిగానే ఉంటుంది. కాసేపు ఆగితే మాత్రం, పెద్దయ్యాక అంత మంది కలిసి అంత పట్టుదలగా ఆడిన ఆట మళ్లీ ఎక్కడ చూశాం అనిపిస్తుంది.

కాప్రో ఆ పుస్తకాన్ని తన పనికే పరిమితం చేయలేదు. యూరప్ కళాకారులకూ, జపాన్‌లోని గుతాయ్ బృందానికీ చోటిచ్చాడు. జిరో యోషిహారా 1954లో అషియాలో కూడగట్టిన ఆ బృందం హ్యాపెనింగ్ అన్న మాట పుట్టకముందే ఈ దారిలో నడిచింది. 1955లో ఆ బృందంలోని షిరాగా బురదలో పడి పొర్లాడు. మరుసటి ఏడాది మురకామి వరసగా నిలబెట్టిన కాగితపు తెరలను ఒంటితో చీల్చుకుంటూ అవతలికి దూకాడు. తనాకా అత్సుకో గది పొడవునా గంటలు పరిచి స్విచ్చి పెట్టింది. వచ్చినవాళ్లు నొక్కితే గంటలు ఒకదాని తర్వాత ఒకటి మోగుతూ దూరం పోయి మళ్లీ వచ్చేవి. నొక్కే వేలు లేకపోతే ఆ కళాకృతి లేదు. తమ పనులను పత్రికగా అచ్చేసి ఇతర దేశాలకు పంపే ఓపిక గుతాయ్ వాళ్లకు ఉండేది కాబట్టే ఇవన్నీ ఈరోజు మనకు తెలిశాయి.

ఒక్కసారే జరగాలన్న మనిషి ఇంత బరువైన పుస్తకం ఎందుకు వేశాడు? ఇందులో నాకు వైరుధ్యం కనపడదు. పోయేదాని మీద ప్రేమ లేనివాడు దాన్ని పోనిచ్చి ఊరుకుంటాడు, అచ్చు వేయడు. టైర్లు పోయాయి, జామ్ పోయింది, చిరిగిన కాగితం పోయింది. 1967లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జనం చేత మంచు దిమ్మెలతో గోడలు కట్టించి, కరిగిపోవడానికి వదిలేసిన ‘ఫ్లూయిడ్స్’ మొదటి నుంచీ పోవడానికే పుట్టింది. ఈ ఫొటోల్లో నేను వెతికేది కాప్రోని కాదు. పక్కన నిలబడి, వంగి చూస్తూ, నవ్వాలో వద్దో తేల్చుకోలేని ఆ పేరు లేని ముఖాలను. ఆ కళ సగం వాళ్లది.

2006లో కాప్రో చనిపోయాడు. అదే ఏడాది మ్యూనిక్‌లో ఆయన ముందే ఒప్పుకున్న ప్రకారం ‘18 హ్యాపెనింగ్స్’ మళ్లీ చేశారు. ఆయన కాగితాలు గెట్టీ పరిశోధన సంస్థలో భద్రంగా ఉన్నాయి. కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు మాత్రం అలాంటి చోటు లేదు. 1959లో ఇరవై ఏళ్లున్నవారికి ఇప్పుడు ఎనభై దాటి చాలాకాలమైంది. వాళ్లలో ఎవరైనా ఎదురైతే, ఏ గదిలో కూర్చున్నారు, గంట మోగినప్పుడు ఏమనిపించింది అని అడిగి రాసిపెట్టండి. అలాగే మన ఊళ్ల వీధి నాటకాల పాత ఫొటోలు మీ ఇంట్లో ఉంటే, వేషగాళ్ల పేర్లతో పాటు ముందు వరసలో కూర్చున్నవాళ్ల పేర్లు కూడా వెనక రాయండి. చెప్పగలిగే పెద్దవాళ్లు ఉన్నప్పుడే రాయండి.