రిచ్చీ వీధిలో ఒక మధ్యాహ్నం

మదరాసు వెళ్ళివచ్చిన మన తెలుగువారిని "యేమేమి చూశారు?" అని అడిగితే మెరీనా, మ్యూజియం, పాండీబజారు అంటూ వరసగా చెప్పుకొస్తారు. ఆడవాళ్ళతో వెళ్ళినవారైతే చీరల కొట్ల పేర్లుకూడా చెబుతారు. రిచ్చీ వీధి చూసి వచ్చామన్నవారు మాత్రం నాకింతవరకు తగల్లేదు. ఇప్పుడు అణ్ణాసాలై అని పిలుస్తున్న మౌంటు రోడ్డుకు పక్కగా, చింతాద్రిపేట వైపున వున్న యీ సన్నని వీధిలో గుడి కోసం గాని, గోపురం కోసం గాని యెవరూ రారు. అయినా యాత్రికులు వస్తూనే వుంటారు. ప్రతివారి చేతిలోనూ పాడైపోయిన వస్తువేదో వొకటి వుంటుంది.

నా చేతిలో వున్నది వొక అట్టపెట్టె. అందులో దూదిలో చుట్టిన అయిదు గాజు వాల్వులు. మా పెదనాన్నగారు తంతి తపాలా శాఖ ఉద్యోగిగా 1963లో మదరాసులో వుండగా, స్వహస్తాలతో కట్టుకున్న యాంప్లిఫయరు తాలూకువి అవి. ఆ రోజుల్లో ఇంగ్లండులోని మల్లార్డు కంపెనీవారు తమ వాల్వులు చెల్లుబడి కావడానికి మంచి ఉపాయం పన్నారు. యింటిదగ్గర యెవరికి వారు కట్టుకోవడానికి వీలుగా యాంప్లిఫయర్ల నక్షాలు ప్రచురించారు. 1959లో అవి వొక పుస్తకంగా కూడా వచ్చాయి. వాటిలో బాగా పేరుపడినది "5-10". అంటే అయిదు వాల్వులు, పది వాట్లు అన్నమాట. పెదనాన్నగారిది అదే. ట్రాన్స్‌ఫార్మర్లు, రేకుపెట్టె మూర్ మార్కెట్టులో బేరమాడి తెచ్చారట.

ఆయన పోయినప్పటినుంచీ అది మూగదే. ఇప్పుడు నెల్లూరులోని ఆ యిల్లు అమ్మకానికి వచ్చింది. యెనభై ఆరేళ్ళ మా పెద్దమ్మ నెల తిరగకుండా కొడుకు దగ్గరకు పుణే వెళ్ళిపోతుంది. పాతసామాన్లవాడు యాంప్లిఫయరును చేత్తో యెత్తి చూసి, లోపల రాగి వుంది కనుక తొమ్మిదివందలు యిస్తానన్నాడు. పెద్దమ్మ వాడికి జవాబు చెప్పలేదు. నావైపు తిరిగి, "ఒరేయ్, అది పాడుతుందేమో వొక్కసారి చూడకూడదూ?" అంది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి యీ సోల్డరింగు పిచ్చి యేమిటని మా కాలేజీలో నవ్వుతూ వుంటారు. ఆ పిచ్చి యిన్నాళ్ళకు అక్కరకు వచ్చింది.

నెల్లూరునుంచి మదరాసు సుమారు 175 కిలోమీటర్లు. సూళ్ళూరుపేటలో దిగి, అక్కడినుంచి నడిచే లోకలు రైలు యెక్కాను. ఆ రైలు ఆగేచోటుకు మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అని పేరు. పెదనాన్నగారు బేరమాడిన ఆ మార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతి అయిపోయింది. ఆ స్థలానికి రైళ్ళు వచ్చాయి, పేరుమాత్రం మిగిలింది. సెంట్రలునుంచి మెట్రోలో వొక్క స్టేషను పోయి గవర్నమెంట్ ఎస్టేట్ దగ్గర దిగితే, అక్కడినుంచి రిచ్చీ వీధికి నడిచి పోవచ్చు.

వీధి మొదట్లో అంతా కెమేరాలు, కంప్యూటర్లు, సెల్‌ఫోన్ల అద్దాలు. నరసింగపురం వీధి, మీరాన్ సాహెబ్ వీధి కూడా దీనితో కలిసిపోయి వొకే బజారయ్యాయి. వాల్వులని అడిగితే కుర్రవాళ్ళు నీళ్ళగొట్టం సరంజామా అనుకుని వేరే వీధి చూపించారు! చివరకు వొక మేడమెట్ల కింద, నలుగురు నిలబడడానికి చాలని కొట్టులో, యెనభైకి దగ్గరపడిన ముసలాయన దొరికారు. యింట్లో తెలుగే మాట్లాడతామన్నారు.

"అయ్యా, ఈఎల్84 కొత్త జత కావాలి," అన్నాను.

"ఎందుకండీ? పాతవి చచ్చిపోయినాయని ఎవురు చెప్పినారు?" అన్నారాయన.

నా పెట్టె అందుకుని, వాల్వులను వొక్కొక్కటే తన పరీక్షపెట్టెలో గుచ్చి ముల్లు చూశారు. అయిదింటిలో నాలుగు బాగానే వున్నాయి. ఈఎల్84 వొకటి మాత్రం నీరసించింది. సొరుగులోనుంచి బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ముద్రగల వాల్వులు అరడజను తీశారు. ఆ సంస్థ 1961లో యీ వాల్వుల తయారీ మొదలుపెట్టింది. నా మంచి వాల్వుకు సరిజోడు అయినది దొరికేవరకు అన్నీ పరీక్షించారు. ఆ రెండూ కాడికి కట్టిన యెద్దుల వంటివి. వొకటి లాగి, వొకటి లాగకపోతే బండి వంకరపోతుంది. స్లొవేకియాలో, రష్యాలో, చైనాలో యిప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి గాని, వున్నది పనిచేస్తుండగా కొత్తదెందుకన్నది ఆయన వాదం.

"గాజు చూసి అందరూ భయపడతారు సార్. ప్రాణం తీసేది యిదీ," అంటూ చిటికెనవేలంత కండెన్సరు వొకటి నా అరచేతిలో పెట్టారు.

సంగతి యేమిటంటే, వాల్వుకూ వాల్వుకూ మధ్యనుండే యీ కండెన్సరు పాటను మాత్రం పోనిచ్చి, వెనకనున్న 200, 300 వోల్టుల కరెంటును ఆపాలి. వయసు మీరితే అది కారడం మొదలుపెడుతుంది. ఆ కరెంటు చివరి వాల్వు గ్రిడ్డుమీద పడితే వాల్వు యెర్రగా కాలుతుంది. ఆ వేడిలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు తీగ మాడిపోవచ్చు. వాల్వులోని వేల ఓముల తీరును స్పీకరులోని కొద్ది ఓములకు అనువుగా మార్చే ఆ ట్రాన్స్‌ఫార్మరే యాంప్లిఫయరుకు గుండెకాయ. అటువంటిది మళ్ళీ దొరకడం కష్టం.

కొట్టులోని కుర్రవాడు, 50 మైక్రోఫారడ్లున్న చోట 220ది పెడితే గుయ్యిమనే రొద బొత్తిగా వుండదని సలహా యిచ్చాడు. ముసలాయన కసిరారు. కరెంటును చక్కచేసే ఈజెడ్81 వాల్వు 50కి మించిన దానిని మోయలేదట. "పెద్దది పెడితే గొప్ప కాదు, సరిపోయింది పెడితే గొప్ప," అన్నారు. నాలుగు వేలు ఖర్చుకు సిద్ధపడి వెళ్ళినవాడిని పదమూడు వందలతో బయటపడ్డాను.

నెల్లూరులో పని నాలుగు రాత్రులు పట్టింది. కారే కండెన్సర్లు, యెండిపోయినవి అన్నీ మార్చాను. మీటరు పెట్టి చూసి, విలువ పెరిగిపోయిన రెసిస్టర్లు తీసేశాను. మూడు పిన్నుల తీగ, ఎర్తు, ఫ్యూజు కొత్తగా చేర్చాను. సెల్‌ఫోనునుంచి పాట అందుకొనే సాకెట్టు వొకటి పెట్టాను. యింతకు మించి నవీకరణ జోలికి పోలేదు. ట్రాన్స్‌ఫార్మర్లను, పెదనాన్నగారు పసుపు, యెరుపు తీగలతో ముచ్చటగా కట్టిన జడలను కదపలేదు. యిటువంటి పనికి పూనుకొనే పాఠకులకు వొక్క మనవి. ప్లగ్గు తీసినా కండెన్సర్లలో ప్రాణాంతకమైన కరెంటు నిలవవుండవచ్చు. దానిని రెసిస్టరు ద్వారా ఖాళీచేసి, మీటరుతో చూసుకోనిదే లోపల చెయ్యి పెట్టకూడదు.

మొదటిసారి 100 వాట్ల పాతరకం బల్బును సీరీసులో పెట్టి స్విచ్చి వేశాను. లోపల షార్టు వుంటే బల్బు నిండుగా వెలుగుతూనే వుంటుంది. అది భగ్గున వెలిగి, మెల్లగా మసకబారింది. బల్బు తీసేసి, వోల్టులు సరిచూసుకుని, స్పీకరు కలిపాను. వాల్వుల్లో దీపారాధనంత యెర్రని వెలుగు నిలిచింది. సెల్‌ఫోనులో ఘంటసాలవారి పద్యం పెట్టాను.

పెద్దమ్మకు చూపు సరిగా లేదు. గోడ పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. పద్యం సగమయ్యేదాకా పలకలేదు. తరువాత, "కాస్త తగ్గించరా. మీ పెదనాన్న యింత గట్టిగా పెట్టేవారు కాదు," అంది. తగ్గించాను. ఇంకొకటి పెట్టమంది. ఆ రాత్రి భోజనాలు పదిగంటలకు గాని కాలేదు.

పాతసామాన్లవాడు మర్నాడు మళ్ళీ వచ్చి పన్నెండు వందలదాకా పోయాడు. పెద్దమ్మ గుమ్మంలోనుంచే వద్దని పంపించేసింది. పెట్టె ఆవిడతోపాటు పుణే వెళుతుంది. అక్కడ విప్పేవాడెవడో తెలియదు గనుక, మూతలోపల వొక కాగితం అతికించాను. కట్టిన సంవత్సరం, మార్చిన భాగాల జాబితా, ఈజెడ్81కు 50 మించరాదన్న మాట వ్రాసి, చివర పెద్ద అక్షరాలతో, "విప్పేముందు ప్లగ్గు తీసి, కండెన్సర్లు ఖాళీచేయవలెను" అని చేర్చాను.